అతుకులే ఆయువు!

పుట్టింది ఇంగ్లండులో. కొలువు తేయాకు తోటల్లో. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు. వాళ్ల బండ్లు మాత్రం డార్జిలింగ్ కొండల్లోనే ఉండిపోయాయి. వయసు డెబ్భైకి అటూ ఇటూ అయినా ఆ పాత ల్యాండ్‌రోవర్లు ఇంకా మనుషుల్ని మేఘాల్లోకి మోస్తూనే ఉన్నాయి. వాటి విడిభాగాలు కావాలంటే వీధి చివరి దుకాణంలో దొరకవు. ఉన్నదల్లా ఓ వెల్డింగ్ మిషనూ, ఓ గ్రైండరూ, ఇనుము స్వభావం తెలిసిన కొందరు పనివాళ్లూ!

డార్జిలింగ్ నుంచి సుఖియాపోఖ్రి మీదుగా 26 కిలోమీటర్లు వెళ్తే మానేభంజాంగ్ వస్తుంది. చిన్న ఊరు. సరిహద్దు ఊరి మధ్యలోంచే పోతుంది. ఇటు ఇళ్లు భారతదేశంలో ఉంటే, అటు ఇళ్లు నేపాల్లో! నేపాలీలో ‘భంజ్యాంగ్’ అంటే కనుమ. ‘మానే’ అంటే బౌద్ధులు మంత్రాలు చెక్కి పేర్చే రాళ్లు. ఆ రెండూ కలిసి ఊరి పేరయ్యాయి.

సముద్రమట్టానికి 1,928 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరి నుంచి కొండ మీదికి 31 కిలోమీటర్ల దారి ఒకటి పోతుంది. దాని కొసన సందక్‌ఫూ. ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమబెంగాల్లో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. ఆకాశం తేటగా ఉన్న రోజు తెల్లవారుజామున అక్కడ నిలబడితే, ప్రపంచంలోని అయిదు అత్యున్నత శిఖరాల్లో నాలుగు... ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు... కళ్లెదుట ఉంటాయి. కాంచన్‌జంగా దాని చుట్టుపక్కల శిఖరాలూ కలిసి వెల్లకిలా పడుకున్న బుద్ధుడిలా కనిపిస్తాయి. ఆ దృశ్యం కోసమే దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఓపికున్నవాళ్లు మూడు నాలుగు రోజులు నడిచి ఎక్కుతారు. లేనివాళ్లు బండెక్కుతారు.

ఆ బండ్లే ఈ ఊరికి పేరు తెచ్చాయి. గుండ్రటి దీపాలు, బల్లపరుపు మడ్‌గార్డులు, పైన గుడ్డ టాపు. మ్యూజియంలో తాడు కట్టి దూరం నుంచి చూపించాల్సిన వాహనాలు ఇక్కడ స్టాండులో వరసగా నిలబడి బేరాల కోసం ఎదురుచూస్తుంటాయి. 2018లో ల్యాండ్‌రోవర్ కంపెనీ తన 70 ఏళ్ల పండగ సందర్భంగా ఈ ఊరి మీద ఓ చిన్న సినిమా తీసింది. అప్పటికి ఇక్కడ తిరుగుతున్న పాత బండ్లు 42 అని లెక్క తేల్చింది.

దొరల బండి

ల్యాండ్‌రోవర్ పుట్టుక వెనక ఓ రైతు అవసరం ఉంది. ఇంగ్లండులోని రోవర్ కార్ల కంపెనీకి మారిస్ విల్క్స్ ప్రధాన ఇంజినీరు. వేల్స్‌లోని యాంగిల్సీ దీవిలో ఆయనకు వ్యవసాయ క్షేత్రం ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో వాడి వదిలేసిన విల్లీస్ జీపు ఒకటి అక్కడ పనులకు వాడుకునేవాడు. అది అరిగిపోతే ఏం చెయ్యాలన్న ఆలోచనలోంచే కొత్త బండి రూపు దిద్దుకుంది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లోకానికి కనిపించింది.

అప్పట్లో బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్. అందుకని పైభాగమంతా అల్యూమినియం మిశ్రమంతో చేశారు. అది తుప్పు పట్టదు. ఉక్కు వాడక తప్పని ఛాసిస్ కోసం మరో ఉపాయం చేశారు. నాలుగు ఉక్కు పట్టీల్ని అంచులు కలిపి అతికి, లోపల బోలుగా ఉండే పొడవాటి పెట్టెలా తయారుచేశారు. చూస్తే తేలిక, పట్టుకుంటే గట్టి. పుట్టుకతోనే అతుకుల బండి అన్నమాట!

1950ల్లో ఈ బండ్లు డార్జిలింగ్ తేయాకు తోటలకు చేరాయి. స్వాతంత్ర్యం తర్వాత దొరలు ఒక్కొక్కరే తోటలు అమ్ముకుని వెళ్లిపోయారు. బండ్లను స్థానికులు కొనుక్కున్నారు. గుర్రాలూ మనుషులూ తప్ప మరేదీ ఎక్కలేని సింగలీలా కొండమీదికి వాటిని తోలారు. అలా మొదలైన ప్రయాణం ఇంకా ఆగలేదు.

పర్యాటకులకు ఇది సరదా కావచ్చు. తుమ్‌లింగ్, గైరిబాస్, కాలిపోఖ్రి లాంటి పైఊళ్లవాళ్లకు మాత్రం బతుకుదెరువు. బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు, ఇంటి కప్పు వేసుకునే రేకు... ఏదైనా కిందినుంచి రావాల్సిందే. ఎవరికైనా పురిటినొప్పులు వస్తే కిందికి దిగాల్సిందే. బండిలో ఒక్క బ్రాకెట్ విరిగితే ఆ పూట పైఊరికి రాకపోకలు బంద్!

తువ్వాలు పిండినట్టు

ఈ దారి చాలాకాలం పరిచిన బండరాళ్ల దారి. మానేభంజాంగ్ దాటగానే చిత్రే దాకా నిట్టనిలువు. ఆ తర్వాత మేఘ్‌మా. పేరుకు తగ్గట్టే ఎప్పుడూ మబ్బులో మునిగి ఉంటుంది. తుమ్‌లింగ్ దాకా ఎక్కిన ఎత్తులో కొంత మళ్లీ గైరిబాస్ లోయలోకి దిగాలి. మళ్లీ కాలిపోఖ్రి దాకా ఎక్కాలి. నల్లటి నీళ్ల చెరువు పక్కన గాలికి రెపరెపలాడే ప్రార్థన జెండాలు అక్కడ స్వాగతం పలుకుతాయి. చివర్లో బిఖేభంజాంగ్. అంటే విషపు కనుమ. ఆ చుట్టుపక్కల పెరిగే నాభి లాంటి విషమొక్కల వల్ల ఆ పేరు. అక్కడినుంచి సందక్‌ఫూ దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లే అన్నిటికన్నా కష్టం. రాళ్ల దారి రోజుల్లో మొత్తం 31 కిలోమీటర్లకు మూడు నాలుగు గంటలు పట్టేది. అంటే సైకిలు వేగం!

వేగం లేకపోయినా దెబ్బ మాత్రం గట్టిగానే తగులుతుంది. ముందు ఎడమ చక్రం ఓ బండరాయి ఎక్కుతుంది. అదే సమయంలో వెనక కుడి చక్రం ఇంకో రాయి ఎక్కుతుంది. మిగతా రెండూ గుంటలో ఉంటాయి. అప్పుడు ఛాసిస్ పరిస్థితి తడి తువ్వాలును రెండు చేతులతో పిండినట్టే ఉంటుంది. మరుక్షణంలో రాయి మారుతుంది, పిండే దిక్కూ మారుతుంది. ఒక్క ప్రయాణంలో ఇలా వేలసార్లు.

ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి పుటుక్కున తెగుతుంది కదా. ఛాసిస్‌లోనూ అదే జరుగుతుంది. కాకపోతే కొన్నేళ్లు పడుతుంది. మొదట వెంట్రుకంత పగులు. తర్వాత వేలెడంత. ఆ తర్వాత ఓ మలుపులో చప్పుడు.

పగులు ఎక్కడ పడితే అక్కడ రాదు. దానికీ కొన్ని ఇష్టమైన చోట్లున్నాయి. కమాను కట్టల్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు మొదటిది. బాడీని మోయడానికి ఛాసిస్ నుంచి పక్కకు చెయ్యి చాపినట్టుండే దన్నులు రెండోది. ఇంజను కూర్చునే మౌంటింగులు మూడోది. బరువు ఒకచోట నుంచి మరోచోటికి మారే మూల ఏదైనా సరే, పగులుకు అదే దారి.

దీనికి తుప్పు తోడవుతుంది. పెట్టెలాంటి ఛాసిస్‌లోకి వాననీరూ బురదా చేరితే బయటికి రావు. లోపల్నుంచి తినేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. చెదపట్టిన తలుపులాగ! అందుకే ఇలాంటి బండిని పరీక్షించేవాళ్లు కళ్లను నమ్మరు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ పోతారు. ‘ఖంగ్’మంటే క్షేమం. ‘బద్’మంటే లోపల రేకు పలచబడిందని అర్థం.

అట్టముక్కతో మొదలు

పగిలిన బ్రాకెట్ బాగుచెయ్యడం అంటే వెల్డింగ్ రాడ్డు పట్టుకుని నాలుగు చుక్కలు పెట్టడం కాదు. అసలు పని అంతకు చాలాముందే మొదలవుతుంది.

ముందు మురికి వదలగొట్టి, తీగల బ్రష్‌తో మెరిసేదాకా రుద్దుతారు. పగులు ఎంతదాకా పోయిందో కంటికి తెలియకపోతే పాత చిట్కా ఒకటుంది. ఆ చోట కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాస్తారు. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీతలా కనబడుతుంది. పెద్ద పెద్ద కర్మాగారాల్లో రంగు ద్రవాలతో చేసే పరీక్షకు ఇది పేదింటి చుట్టం.

గీత ఎక్కడ ఆగిందో అక్కడ డ్రిల్లుతో చిన్న రంధ్రం చేస్తారు. ఉన్న పగులు చాలదన్నట్టు కొత్త రంధ్రమా అనిపిస్తుంది. కానీ పగులు కొస సూదిమొనలా ఉంటుంది. బలమంతా ఆ మొన మీదే పడి, ముందుకు చీల్చుకుంటూ పోతుంది. అక్కడ గుండ్రటి రంధ్రం పడితే మొన పోతుంది, చీలిక ఆగుతుంది. ఆ తర్వాతే పగులు వెంబడి గ్రైండరుతో ‘వి’ ఆకారంలో గాడి తీసి, అడుగుదాకా వెల్డింగ్ నింపుతారు.

ఇక దాని మీద కొత్త పలక. ల్యాండ్‌రోవర్ బ్రాకెట్లకు ఇక్కడ డ్రాయింగులేమీ ఉండవు. అట్టపెట్టె చించి ఓ ముక్కను ఆ చోట పెట్టి, కత్తిరించి, మడిచి, మళ్లీ పెట్టి చూస్తారు. దర్జీ కాగితం మీద జాకెట్టు కొలతలు తీసినట్టే! అట్ట సరిగ్గా కూర్చున్నాకే సుద్దతో ఇనుప పలక మీద గీస్తారు. అట్ట పాడైతే ఇంకో అట్ట. ఇనుము పాడైతే డబ్బు.

పలక అంచుల్ని అడ్డంగా సూటిగా కొయ్యరు. చేపతోకలా, లేదా పతంగి మూలలా ఏటవాలుగా కోస్తారు. అందం కోసం కాదు. కాగితాన్ని గీతవెంబడి మడిచి చించితే ఎంత తేలిగ్గా చిరుగుతుందో తెలిసిందే. ఛాసిస్‌కు అడ్డంగా ఒకే గీత మీద వెల్డింగ్ చేస్తే అది కూడా ఆ మడతలాంటిదే. తర్వాతి పగులు కచ్చితంగా ఆ గీత పక్కనే వస్తుంది. ఏటవాలుగా కోస్తే బరువు ఒక్కచోట పడకుండా మెల్లమెల్లగా పంచుకుంటుంది.

పలకను వంచేటప్పుడూ ఓ పద్ధతుంది. చల్లటి ఇనుమును కాగితంలా పదునుగా మడిస్తే వంపు దగ్గరే చీలిక మొదలవుతుంది. అందుకే ఎర్రగా కాల్చి, గుండ్రటి వంపు వచ్చేలా సుత్తితో వంచుతారు. దాన్ని నీళ్లలో ముంచరు. గాలికి దానంతటదే చల్లారాలి. బోల్టు రంధ్రాలు గ్యాస్ కట్టరుతో ఊదరు, డ్రిల్లుతోనే చేస్తారు. గరుకు అంచున్న రంధ్రం కూడా పగులుకు పిలుపే.

పెట్టెలాంటి ఛాసిస్‌కు బోల్టు బిగించాలంటే మరో జాగ్రత్త. లోపల బోలు కాబట్టి నట్టు బిగించేకొద్దీ రెండు గోడలూ నొక్కుకుపోతాయి. ఖాళీ డబ్బాను చేత్తో నొక్కినట్టే. బోల్టు పట్టేంత చిన్న గొట్టం ముక్కను లోపల అడ్డంగా దూర్చి, దాని గుండా బోల్టు పంపిస్తే గోడలు కదలవు. బయటికి కనిపించని ఆ రెండంగుళాల గొట్టమే బ్రాకెట్ వదులవకుండా ఏళ్లకేళ్లు కాపాడుతుంది.

అన్నీ కుదిరాక నాలుగు మూలలా చుక్కలు పెట్టి, చక్రం తిరుగుతోందా, కమాను పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఏదైనా తగులుతోందా అని చూస్తారు. తగిలితే చుక్కలు కోసేసి మళ్లీ మొదలు. సరిపోతేనే పూర్తి వెల్డింగ్. అదీ ఒకేబిగిన కాదు. ఇటు ఓ అంగుళం, అటు ఓ అంగుళం. ఒక్కచోటే కాలిస్తే ఛాసిస్ వేడికి వంకర పోతుంది. ఇక బ్యాటరీ తీగలు విప్పడం, పెట్రోలు ట్యాంకు కిందికి దించడం రాడ్డు పట్టుకోకముందే జరిగిపోవాలి. ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం.

దొడ్డయితే గట్టిదా?

ఇక్కడే కొత్త పనివాడికీ, అనుభవం ఉన్నవాడికీ తేడా తెలిసిపోతుంది. కొత్తవాడు విరిగిన బ్రాకెట్ చూడగానే దాని స్థానంలో రెట్టింపు దొడ్డు పలక వేస్తాడు. ‘ఇక జన్మలో విరగదు’ అంటాడు. నిజమే, ఆ బ్రాకెట్ విరగదు. దాన్ని పట్టుకున్న ఛాసిస్ చినుగుతుంది!

ల్యాండ్‌రోవర్ ఛాసిస్ గోడ మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. దాని మీద పది మిల్లీమీటర్ల పలక అతికితే, వెల్డింగ్ వేడికి పలచటి గోడ కాలి రంధ్రం పడుతుంది. పడకపోయినా ఆ పలక కొంచెమైనా వంగదు. అది వంగనందుకు పక్కనున్న పలచటి గోడ రెట్టింపు వంగాల్సి వస్తుంది. మట్టిగోడకు ఉక్కు తలుపు బిగిస్తే దొంగ గోడకే కన్నం వేస్తాడు. ఇదీ అంతే.

అందుకే తెలిసినవాడు మందం పెంచడు, విస్తీర్ణం పెంచుతాడు. మూడు మిల్లీమీటర్ల పలకనే కాస్త పొడవుగా కోసి బరువును నాలుగు దిక్కులకూ పంచుతాడు. మూలలో చిన్న త్రికోణపు పలక నిలబెడతాడు. పాతబండి ఎంత వంగుతుందో అంత వంగనిస్తాడు. మరీ ఎక్కువ వంగేచోట మాత్రమే ఆపుతాడు.

కమాను కట్టల సంగతీ అంతే. బరువు ఎక్కువేసుకోవచ్చని అదనంగా ఓ పట్టీ చేరుస్తారు. కమాను గట్టిపడుతుంది. అది మింగాల్సిన కుదుపు తిన్నగా బ్రాకెట్‌కు చేరుతుంది. తుక్కులో దొరికిన పాత కమాను ముక్కల్ని కోసి బ్రాకెట్లు చేద్దామన్న ఆశా పుడుతుంది. చూడ్డానికి అంతకన్నా గట్టి ఇనుము ఉండదు మరి. కానీ కమాను ఉక్కులో కార్బన్ ఎక్కువ. మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన గాజులా పెళుసుబారిపోతుంది. బల్ల మీద బాగానే ఉంటుంది. లోయ అంచున విరుగుతుంది.

అల్యూమినియం బాడీకీ ఉక్కు బ్రాకెట్‌కీ కూడా పడదు. రెండూ నేరుగా తగిలి మధ్యలో తేమ చేరితే అల్యూమినియం తెల్లగా పొడిబారి రాలిపోతుంది. మబ్బుల్లో తిరిగే బండికి తేమ కరువా! అందుకే మధ్యలో రబ్బరు ముక్కో, పాత ట్యూబు ముక్కో పెట్టి బిగించాలి.

గుండె మార్పిడి

ఈ బండ్లలో చాలావాటికి పుట్టుకతో వచ్చిన ఇంజను లేదు. పాత ఇంజన్ల భాగాలు దొరకడం మానేశాక, మహీంద్రా జీపుల డీజిల్ ఇంజన్లు వచ్చి కూర్చున్నాయి. ఒక కంపెనీ గుండెను ఇంకో కంపెనీ ఒంట్లో పెట్టినట్టు. మధ్యవర్తి పాత్ర మళ్లీ బ్రాకెట్లదే.

కొత్త ఇంజను కాళ్లు పాత మౌంటింగుల మీద కూర్చోవు. ముందు ఇంజనును గొలుసుతో వేలాడదీసి, గేర్‌బాక్సుకు జతచేసి, రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా క్లచ్ మీదా, బేరింగుల మీదా పడుతుంది. ఫ్యాను రేడియేటరుకు తగలకూడదు. కింది ఆయిల్ పాన్ ముందు ఇరుసుకు తగలకూడదు. అన్నీ చూసుకున్నాక గాల్లో ఉన్న ఇంజనుకూ కింద ఉన్న ఛాసిస్‌కూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో, ఆ ఖాళీ ఆకారమే బ్రాకెట్ ఆకారం. దాన్ని ఏ కేటలాగులోంచీ తెప్పించలేరు.

డీజిల్ ఇంజను పెట్రోలు దానికన్నా బరువు. అదురూ ఎక్కువే. కాబట్టి బ్రాకెట్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు దిమ్మ తప్పనిసరి. అది లేకపోతే అదురంతా ఛాసిస్‌కు పాకి, పాత అతుకులన్నిటినీ ఒక్కొక్కటిగా పలకరిస్తుంది.

ఈ పనులకు ఫొటోలు ఎవరూ తియ్యరు. పర్యాటకులు బానెట్ ముందు నిలబడి ఫొటో దిగుతారు. బండిని కొండ ఎక్కిస్తున్నది మాత్రం వాళ్ల కాళ్లదగ్గర, బురద కప్పేసిన అరచేయంత పలక.

సిమెంటు రోడ్డు, కొత్త బండి

ఇప్పుడు దారి మారుతోంది. కొన్నేళ్లుగా రాళ్ల దారి మీద సిమెంటు పడుతూ వచ్చింది. నిట్టనిలువు మలుపులు అవే, కుదుపు మాత్రం తగ్గింది. దాంతో ల్యాండ్‌రోవర్ల సరసన బొలేరోలూ ఎక్కడం మొదలుపెట్టాయి. అద్దాలు ఎక్కించుకుంటే చలి తగలదు. భాగాలు సిలిగురిలో దొరుకుతాయి. బండి చెడితే పాతది విప్పి కొత్తది బిగించడమే.

పైఊళ్లవాళ్లకు ఇది మంచిదే. రోగిని తీసుకెళ్లే బండి కుదుపు లేకుండా, దారిలో ఆగకుండా వెళ్లడం కన్నా కావాల్సిందేముంది! సింగలీలా 1992 నుంచి జాతీయ ఉద్యానవనం. ఎర్ర పాండాలు తిరిగే అడవి. అలాంటిచోట పాత డీజిల్ పొగ తగ్గడమూ మంచిదే. డెబ్భై ఏళ్ల బండిలో ఇప్పటి భద్రతా ఏర్పాట్లు ఉండవన్నదీ కాదనలేని సంగతి.

కానీ బండి యజమాని లెక్క వేరు. ల్యాండ్‌రోవర్ మీద అప్పు లేదు. తాతదో తండ్రిదో, ఎప్పుడో చేతికొచ్చింది. ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు నిలబెట్టాలి, అతుకులు వేయించాలి. సీజను మూణ్నెల్లు పర్యాటకుల్ని ఎక్కిస్తే ఇల్లు గడుస్తుంది. కొత్త బండి కొంటే నెలనెలా వాయిదా కట్టాలి. వానాకాలంలో పార్కు మూసేసినా, మంచు పడి బేరాలు లేకపోయినా ఆ వాయిదా ఆగదు. పాతదాన్ని నమ్ముకోవాలా, అప్పు చేసి కొత్తదానికి మారాలా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు దొరికే ప్రశ్న.

బండ్లు తగ్గితే వెల్డింగ్ పనీ తగ్గుతుంది. సుత్తి చప్పుడు విని తుప్పు ఎక్కడుందో చెప్పడం, అట్టముక్కతో కొలత తియ్యడం, ఎక్కడ గట్టిపరచాలో ఎక్కడ వదిలెయ్యాలో తెలియడం పుస్తకంలో రాసిపెట్టిన విద్యలు కావు. పక్కన నిలబడి పానాలు అందిస్తూ నేర్చుకునేవి. నేర్చుకోవడానికి పాతబండే లేకపోతే పిల్లాడు ఏం చూసి నేర్చుకుంటాడు?

చిత్రమేమిటంటే, ఈ బండ్లు పుట్టిన కంపెనీ 2008 నుంచి మన టాటాలదే. ల్యాండ్‌రోవర్ల పాతకాలపు ఆకారంతో కొనసాగిన డిఫెండర్ తయారీ 2016 జనవరిలో బ్రిటన్‌లో ఆగిపోయింది. దాని ముత్తాతలు మాత్రం కాలిపోఖ్రి ఎత్తు ఎక్కుతూనే ఉన్నాయి.

మన దగ్గర?

బండిని కొండకు తగ్గట్టు మలుచుకునే పని మనకు కొత్తేం కాదు. బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు రాళ్లదారిలో ఎగిరెగిరిపడుతూ వెళ్లే జీపులు చాలామంది ఎక్కే ఉంటారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పనివాళ్లకు ఛాసిస్ అతుకుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అయితే సరదా కొద్దీ కొత్త జీపుకు బ్రాకెట్లూ బంపర్లూ అతికించాలనుకునేవాళ్లు చట్టం తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు తేడా వచ్చేలా, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజను మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి కావాలి. కార్లకు ముందు బిగించే ఇనుప గార్డులూ చట్టవిరుద్ధమేనని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందుభాగాన్ని ఆ గార్డు నలగనివ్వదు. ఆ దెబ్బ లోపల కూర్చున్నవాళ్లకు తగులుతుంది, ఎదుటి మనిషికి ఇంకా గట్టిగా తగులుతుంది. దొడ్డు పలక సంగతి ఇక్కడా అదే! విరిగినదాన్ని సరిగ్గా అతకడం మరమ్మతు. లేనిపోని బలం తగిలించడం ముప్పు.

వెళ్లాలనుకుంటే...

విమానంలో అయితే బాగ్‌డోగ్రా, రైల్లో అయితే న్యూ జల్పాయిగుడి దాకా వెళ్లాలి. విశాఖ మీదుగా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. అక్కడినుంచి మానేభంజాంగ్ సుమారు 90 కిలోమీటర్లు. మిరిక్ మీదుగా తేయాకు తోటల మధ్య మూడు నాలుగు గంటల ప్రయాణం.

అక్టోబరు, నవంబరుల్లో శిఖరాలు తేటగా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూలతో కొండంతా ఎర్రబడుతుంది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు పార్కు మూసేస్తారు. నడిచి వెళ్లేవాళ్లు గైడును తీసుకెళ్లాల్సిందే. దారి భారత్, నేపాల్ మధ్య అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది కాబట్టి తనిఖీలుంటాయి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. ఒక్కరోజులోనే అంత ఎత్తుకు చేరితే తలనొప్పి, వికారం రావచ్చు. పెద్దవాళ్లూ, గుండెజబ్బు ఉన్నవాళ్లూ డాక్టరును అడిగి వెళ్లడం మేలు. వీలుంటే తుమ్‌లింగ్‌లో ఓ రాత్రి ఆగి, వేడివేడి థుక్పా తాగి మర్నాడు బయల్దేరితే ఒంటికి సుఖం.

స్టాండులో రెండు రకాల బండ్లూ దొరుకుతాయి. ల్యాండ్‌రోవర్ ఎక్కాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. డ్రైవరును ఇక్కడంతా ‘దాజూ’ అంటారు. నేపాలీలో అన్నయ్య అని. దారిమధ్యలో దాజూ బండి ఆపి, చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరితే విసుక్కోవద్దు. ‘ఖంగ్’మనే చప్పుడు వినపడేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత నిశ్చింతగా కొండ ఎక్కొచ్చు.